‘క్యాట్‌ఫిష్’ అని రాసి ఊరుకోకండి, చేప పేరు రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మృగశిర కార్తె వచ్చిందంటే జిల్లా పేజీల్లో రెండు వార్తలు తప్పవు. ఒకటి, చేపల మార్కెట్లో రద్దీ. రెండోది, ‘నిషేధిత క్యాట్‌ఫిష్ పట్టివేత’. మా పేచీ ఈ రెండో వార్తతోనే. పట్టుకున్నది ఆఫ్రికా జాతి చేప అయితే, పక్కన వేసే ఫొటోలో ఒకసారి జెల్ల ఉంటుంది, ఇంకోసారి వాలుగ ఉంటుంది. శీర్షికలో మాత్రం ఎప్పుడూ ‘క్యాట్‌ఫిష్’ అన్న ఒక్క మాటే. అది చదివినాయన మర్నాడు మార్కెట్లో జెల్లల గంప ముందు నిలబడి ‘ఇది బంద్ జేసిన చేప గదా’ అని వెనక్కి తిరిగిపోతాడు. అసలు నిషేధించిన చేప అదే మార్కెట్లో నాలుగడుగుల అవతల టబ్బులో ‘నాటు మార్పు’ అన్న పేరుతో, అంటే మార్పు అనే మన నాటు మీసాల చేప పేరుతో, అమ్ముడుపోతుంటుంది.

క్యాట్‌ఫిష్ అనేది ఒక చేప పేరు కాదు. మీసాలుండి పొలుసులు లేని చేపల గణానికంతటికీ కలిపి పెట్టిన పేరు. ప్రపంచంలో వీటి జాతులు దాదాపు నాలుగు వేలు, కుటుంబాలు నలభై వరకు. వెన్నెముక ఉన్న జీవజాతుల్లో ప్రతి ఇరవైలో ఒకటి ఈ గణానిదే. అందులో వేలెడంత లేనివీ ఉన్నాయి, 2005లో థాయిలాండ్‌లో మెకాంగ్ నదిలో దొరికిన 293 కిలోలదీ ఉంది. ఆఫ్రికాలో కరెంటు షాక్ కొట్టే జాతి ఉంది, వెల్లకిలా ఈదే జాతి ఉంది. వీటన్నిటినీ ఒక్క మాటలో చుట్టేసి ‘నిషేధం’ అంటే ఎట్లా? కేసరిపప్పు అమ్మొద్దన్నప్పుడు ‘పప్పు నిషేధం’ అని రాసి ఉంటే కంది రైతు గతి ఏమయ్యేదో ఆలోచించండి.

మన దేశంలో పెంచవద్దని కేంద్రం 1997లో ఆదేశాలిచ్చింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మీద. దాని శాస్త్రీయ నామం క్లారియస్ గరీపినస్. మన మార్పు కూడా క్లారియస్ ప్రజాతిదే, అందుకే ఈ గందరగోళం. మార్పును చాలాకాలం క్లారియస్ బట్రాకస్ అని రాశారు. అసలు బట్రాకస్ జావా ద్వీపపు చేప అని తేలాక మనదాన్ని క్లారియస్ మాగుర్ అంటున్నారు. ఇది అంతర్జాతీయ రెడ్ లిస్టులో ‘అంతరించే ప్రమాదంలో ఉన్నది’ అని నమోదైన చేప. వాలుగ కూడా ‘ముప్పుకు లోనయ్యేది’ (వల్నరబుల్) అన్న వర్గంలో ఉంది. అంటే పేరు సగమే రాయడం వల్ల కాపాడుకోవాల్సిన చేప మీద నింద పడుతోంది, నిషేధించిన చేప దాని పేరు చెప్పుకుని తప్పించుకుంటోంది. పత్రికా భాషలో చెప్పాలంటే పాఠకుడికి జెల్ల పడుతోంది.

కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టే నారాయణపేట జిల్లా మొదలు జూరాల, సోమశిల, నాగార్జునసాగర్ దాకా, ఇటు డిండి, మూసీ, కోయిల్‌సాగర్, పానగల్లు ఉదయసముద్రం వంటి చెరువుల్లో, జలాశయాల్లో వలకు తగిలే మీసాల చేపలు ఒక కుటుంబానివి కావు. చేతిలోకి తీసుకుని వీపు చూస్తే సగం తెలిసిపోతుంది. వీపు మీద ముందొక రెక్క, దాని వెనక తోకకు ముందు గీతలు, ముళ్లు ఏవీ లేని మెత్తటి కండలాంటి ఇంకో చిన్న రెక్క ఉంటే, దాన్ని కొవ్వు రెక్క అంటారు. ఇది ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

కొవ్వు రెక్క ఉండి, నాలుగు జతల మీసాలుండి, వీపు మీదా ఛాతీకి రెండు వైపులా గట్టి ముళ్లుంటే అది జెల్ల, బాగ్రిడే కుటుంబం. నాలుగు జతలంటే ముక్కు దగ్గర ఒకటి, పై దవడ నుంచి ఒకటి, గడ్డం కింద రెండు. పెద్ద జెల్లల్లో ఒక జాతికి పై దవడ మీసం వెనక్కి పరిస్తే తోక మొదలు దాకా వస్తుంది, కొవ్వు రెక్క వెనక కొసన నల్లటి మచ్చ ఉంటుంది. చిన్న చెరువు జెల్లల్లో ఒంటి పొడవునా చారలున్నవి ఒకటి, చారల్లేకుండా వెండిరంగులో ఉండి కొవ్వు రెక్క వీపు రెక్కను దాదాపు ఆనుకుని మొదలయ్యేవి ఇంకొకటి. ఇవన్నీ మన నీళ్లలో పుట్టి పెరిగినవే, వేటి మీదా నిషేధం లేదు.

వాలుగ సిలూరిడే కుటుంబానిది. దీనికి కొవ్వు రెక్క ఉండదు, వీపు మీద ముల్లూ ఉండదు. అయిదు గీతలతో చిన్న వీపు రెక్క, దానికి బదులా అన్నట్టు పొట్ట కింద నుంచి తోక దాకా ఎనభై, తొంభై గీతలతో సాగిన పొడవాటి రెక్క ఉంటాయి. మీసాలు రెండే జతలు. నోరు తెరిస్తే చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది. ఆ నోరు చూస్తే చాలు, దీని తిండి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

రాళ్ల మధ్య నీళ్లు వడిగా పారే చోట దొరికే రాతి జెల్ల ఇంకో కుటుంబం, సిసోరిడే. తల పలకలా అణిగి ఉంటుంది, తోక రెక్క కొసలు దారాల్లా సాగి ఉంటాయి. ఇదే కుటుంబంలో వేలెడంత చేపలు కొన్ని ఛాతీ కింద చర్మం మడతలతో రాయిని కరుచుకుని ప్రవాహంలో కొట్టుకుపోకుండా నిలుస్తాయి. కృష్ణలో ఇంకో విచిత్రం ఉంది. ఖవల్‌చోర్ అనే చిన్న మీసాల చేప పక్క చేపల పొలుసులు పీక్కుతిని బతుకుతుంది. మరాఠీలో ఆ పేరుకు అర్థమే పొలుసుల దొంగ. సైలోనియా చిల్డ్రెనై అనే పెద్ద చేప దక్కన్ నదులకే పరిమితమైనది, అదీ ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉంది. ఇవి వలలో పడ్డప్పుడు ‘క్యాట్‌ఫిష్ దొరికింది’ అని రాస్తే ఎవరికి ఏం తెలిసినట్టు?

ఇంత తేడా ఉన్నవాటిని ఒక్క గణం చేసింది లోపలి నిర్మాణం. బొచ్చె, రవ్వలకు పై దవడ ఎముక నోటిని తెరిచి మూసే పని చేస్తుంది. వీటికి ఆ ఎముక కుదించుకుపోయి మీసానికి మొదలుగా మాత్రమే మిగిలింది. అందుకే మీసం వేలాడదు, చేప దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుకోగలదు. మీసాల మీదే కాదు, ఒళ్లంతా రుచి మొగ్గలుంటాయి. కొత్త నీరు దిగి చెరువు ఎర్రమట్టి కలిపినట్టున్నప్పుడు కంటితో పనిలేకుండా ఎర దగ్గరికి వచ్చేది అందుకే. చర్మంలో సన్నటి గుంటలు వేరే ఉంటాయి, చిన్న చేపల కండరాల కదలికలో పుట్టే కొద్దిపాటి విద్యుత్తును అవి పసిగడతాయి. మెడ వెనక మొదటి వెన్నుపూసల నుంచి విడివడిన చిన్న ఎముకల వరుస గాలితిత్తిలోని కదలికను చెవికి చేరవేస్తుంది. 1820లో వెబర్ అనే శాస్త్రవేత్త వివరించిన ఈ అమరిక బొచ్చె, రవ్వలకూ ఉంది, కొర్రమీనుకు లేదు.

ముల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వల విప్పేవాళ్లకూ, ఇంట్లో కోసేవాళ్లకూ గాయాలయ్యేది ఇక్కడే. చచ్చిన జెల్లను పట్టుకుని వీపు ముల్లు నిలబెట్టి, కొన మీద వేలుతో నొక్కి చూడండి. పడుకోదు. పెద్ద ముల్లు మొదట్లో దాని ముందు ఇంకో బుడిపెలాంటి చిన్న ముల్లు ఉంటుంది. పెద్ద ముల్లు లేవగానే అది గొళ్లెంలా బిగుసుకుంటుంది. ఛాతీ ముల్లుదీ ఇంచుమించు అదే పద్ధతి. బయటికి చాచి కొద్దిగా తిప్పిందంటే మొదట్లోని ఎముక గాడిలో ఇరుక్కుంటుంది. దాన్ని కొన దగ్గర పట్టి లాగితే విరుగుతుంది, లేదా చేతిలో దిగుతుంది. మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా మెలితిప్పి వెనక్కి తెస్తే పడుకుంటుంది. నీళ్లలోంచి తీయగానే జెల్ల ‘కిర్రు కిర్రు’మనేది నోటితో కాదు, ఈ ముల్లు మొదలును గాడిలో రాపాడించి.

ముల్లు అంచున రంపపు పళ్లుంటాయి, దాని మీది చర్మంలో విషం ఊరే కణాలుంటాయి. జెల్లకు కొంచెం, మార్పుకు కొంచెం, ఇంగిలాయి అనే ఇంకో నాటు మీసాల చేపకు అన్నిటికన్నా ఎక్కువ. ఇంగిలాయిని, కొన్నిచోట్ల ఇంగిలికం అంటారు, ఒట్టి చేత్తో పట్టకూడదు. చిన్న వలలోనో తడి గోనెగుడ్డలోనో తీసి వేరు చేయాలి. గుచ్చుకుంటే చేయాల్సిందిది: కనపడే ముల్లు ముక్క తీసి, మంచినీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఆ చేతిని ఉంచాలి. ఈ విషం మాంసకృత్తు, వేడికి చెడిపోతుంది, నొప్పి అందుకే తగ్గుతుంది. గుచ్చుకున్న చేయి తిమ్మిరెక్కి వేడి తెలియదు కాబట్టి నీళ్ల వేడిని రెండో చేత్తో చూసుకోవాలి, లేకపోతే బొబ్బలెక్కుతాయి. సున్నం, పొగాకు పెట్టొద్దు, పైన తాడు బిగించొద్దు, బ్లేడుతో కోయొద్దు. టీటీ ఇంజక్షన్ వేయించుకోవాలి. మర్నాటికి వాపు పైకి పాకినా, జ్వరం వచ్చినా, షుగరున్న మనిషైనా ఆస్పత్రికి పోవాల్సిందే. చెరువు నీటి సూక్ష్మక్రిములు ఆ సన్నటి రంధ్రంలోనే మిగిలి చీము పట్టిస్తాయి.

ఇక అసలు చిక్కు, మార్పుకూ ఆఫ్రికా చేపకూ తేడా. రెంటికీ నాలుగు జతల మీసాలు, మెడ దగ్గర నుంచి తోక దాకా సాగిన పొడుగు వీపు రెక్క, కొవ్వు రెక్క లేకపోవడం, అన్నీ ఒకటే. రెండూ మొప్పల పైనున్న గదిలో పూలగుత్తిలాంటి అవయవంతో గాలి పీలుస్తాయి. ఇంగిలాయికి ఆ గుత్తి ఉండదు, మొప్పల గది నుంచి వెన్ను వెంబడి తోక వైపు సాగే రెండు పొడవాటి గాలిసంచులుంటాయి. పైగా దాని వీపు రెక్క ఆరేడు గీతలతో బొటనవేలి గోరంత, కాబట్టి దాన్ని పొరబడే పనిలేదు. మార్కెట్లో ఒక తేలికైన గుర్తు ఏమిటంటే, రెండు చెంబుల నీళ్లలో బతికి కొట్టుకుంటున్న మీసాల చేప వాలుగా కాదు, జెల్లా కాదు. అవి గట్టునపడ్డ కాసేపటికే పోతాయి, ఐసు మీదే అమ్ముతారు. టబ్బులో బతికున్నది మార్పో, ఇంగిలాయో, ఆఫ్రికా చేపో అయి ఉంటుంది.

అక్కడ చేపను వెల్లకిలా తిప్పమనండి. తల కింది భాగంలో, గడ్డం నుంచి వెనక్కి రెండు నల్లటి పట్టీలు కనిపిస్తే ఆఫ్రికా చేప. పిల్లల్లో ఇది బాగా తెలుస్తుంది, ముదిరినవాటిలో మసకేస్తుంది. ఒంటి మీద బూడిద రంగులో నల్ల మరకలు పాలరాతి మీద గీతల్లా కలగాపులగంగా ఉంటాయి. మన మార్పు గోధుమ నుంచి నలుపు, పక్కల మీద సన్నటి తెల్ల చుక్కలు. ఛాతీ ముల్లు తడిమితే ఆఫ్రికా దానికి బయటి అంచునే పళ్లుంటాయి, మార్పుకు లోపలి అంచున కూడా తగులుతాయి. మొప్ప మూత ఎత్తితే ఆఫ్రికా దానికి మొప్ప దువ్వెన పళ్లు సన్నగా, ఒత్తుగా, ముదిరినవాటిలో వందకు దగ్గరగా ఉంటాయి, మార్పుకు ఇరవై చిల్లరకు మించవు. చేతిలో ఏ గుర్తూ తేలకపోతే తూకం చూడండి. మార్పు సాధారణంగా పావుకిలో చేప, మహా పెరిగితే మూరెడు. కిలో దాటిన ‘నాటు మార్పు’ చూపిస్తే అనుమానించాల్సిందే. ఆఫ్రికా చేప మనిషంత పొడవు పెరగగలదు, అరవై కిలోల దాకా తూగగలదు.

ఒక హెచ్చరిక ఉంది. ఈ రెంటినీ కలిపి పుట్టించిన సంకరాలు కూడా ఉన్నాయి, వాటిలో గుర్తులు అటూ ఇటూ కలిసిపోతాయి. తల కోసేశాక, తోలు తీశాక అయితే కంటితో ఎవరూ చెప్పలేరు. కాబట్టి కొనేవాళ్లు తలతో ఉన్న చేపనే అడగాలి, పట్టుకున్నవాళ్లు తల ఉంచి ఫొటో తీయాలి.

ఇంకో పేరు గోల పంగాసియస్‌ది. నోట్లో నలిగి ‘ఫంగస్ చేప’ అయింది గానీ బూజుతో దానికే సంబంధమూ లేదు. మెకాంగ్ నది చేప, వెండి పక్కలు, రెండు జతల చిన్న మీసాలు, చిన్న కొవ్వు రెక్క. దీని పెంపకానికి ప్రభుత్వ నిబంధనలున్నాయి, నిషేధం లేదు. ముక్కలు చేశాక దీన్ని వాలుగ అని అంటగట్టడం తేలిక, అంతవరకు జాగ్రత్త పడితే చాలు.

నిషేధం ఎందుకన్నది వార్తల్లో ‘తింటే క్యాన్సర్’ అనే ఒక్క మాటగా కుదించుకుపోతోంది. ఆఫ్రికా చేపతో చిక్కంతా దాని బలమే. గాలి పీలుస్తుంది కాబట్టి మురుగు గుంటలో కూడా కిక్కిరిసి బతుకుతుంది, కోళ్ల వ్యర్థాలు, పశువధ వ్యర్థాలు వేసినా పెరుగుతుంది. ఆ నీళ్లు, ఆ తిండి ఎట్లాంటివో దాని మాంసం కూడా అట్లాగే ఉంటుంది. అంతకన్నా పెద్ద నష్టం చెరువుకు. వాన రాత్రి ఛాతీ ముళ్లు ఊతంగా గట్టు మీద పాకి పక్క కాలువలో పడుతుంది. అలుగు దుంకినప్పుడు గొలుసుకట్టు చెరువులన్నిటికీ చేరుతుంది. చేరాక సొసైటీ వేసిన రవ్వ, బొచ్చె పిల్లల్ని, మన జెల్లల్ని, కప్పల్ని దేన్నీ వదలదు.

ఈ చేపను పట్టుకున్నాక నాశనం చేయడంలో జరుగుతున్న పొరపాటు రాయాలి. వల లాగి, దొరికినవి గుంట తవ్వి పూడ్చి, ఫొటో దిగి వెళ్తే పని కాలేదు. కొన్ని చేపలు గుంట అడుగున బురదలోనే మిగిలిపోవచ్చు. ముందు మోటార్లతో నీళ్లు తోడేయాలి. తోడిన నీళ్లు కాలువలోకి వదిలేటప్పుడు పైపు మూతికి సన్న జాలీ కట్టాలి, లేదంటే పిల్లలన్నీ మనమే పంపినట్టు. గుంట చుట్టూ రెండడుగుల ఎత్తు వల నిలబెట్టి కింది అంచు మట్టిలో పాతాలి. నేల నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టాలి. నీళ్లు పూర్తిగా తోడలేనిచోట ఇప్ప చెక్క వేయడం పాత పద్ధతి. ఎకరంలో మీటరు లోతు నీటికి టన్ను పడుతుంది. అందులోని సాపోనిన్ చేప నెత్తుటి కణాల్ని పగలగొడుతుంది. దాని ప్రభావం పదిహేను, ఇరవై రోజులుంటుంది, ఈలోగా కొత్త పిల్ల వేయకూడదు. బ్లీచింగ్ అయితే అదే కొలత నీటికి 140 కిలోలు. ముందురోజు 40 కిలోల యూరియా చల్లితే బ్లీచింగ్ 70 కిలోలకు తగ్గించవచ్చు. మూటలు ఎండలో, గాలికి విప్పి ఉంచిన బ్లీచింగ్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, అది ఎంత చల్లినా సున్నం చల్లినట్టే. పురుగుమందు మాత్రం పోయకూడదు, ఆ నీళ్లు తాగేది పశువులు. చేపల్ని గట్టు మీద పడేసి పోవడం అన్నిటికన్నా అధ్వానం, చీకటి పడి మంచు తడి తగిలితే అవి లేచి వెళ్లిపోతాయి.

చేప పిల్లల సంచులు దింపుకునే సంఘాల వాళ్లు కూడా ప్రతి లోడులో రెండు మూడు సంచులు తెల్ల తొట్టిలో పోసి చూడాలి. రవ్వ, బొచ్చె, మోసు పిల్లలు వెండిలా మెరుస్తాయి. మధ్యలో కప్పతోకల్లా నల్లగా, తల పెద్దగా, మూతి చుట్టూ మీసాలతో అడుగున తిరిగేది ఒక్కటి కనిపించినా లోడు దింపనివ్వకూడదు.

చివరగా ‘వింత చేప’ వార్త. ఒంటినిండా గట్టి పలకలు, నల్లటి గీతలు, నోరు పొట్ట వైపు, విమానంలా చాచిన రెక్కలు. జాలరికి వింత చేప చిక్కిందని ఫొటోతో వేస్తున్నారు. అది వింతా కాదు, దేవుడు పంపిందీ కాదు. దక్షిణ అమెరికాకు చెందిన లోరికారిడే కుటుంబపు సకర్ చేప, ఇళ్లలో గాజు తొట్టెల అద్దం నాకడానికి కొనుక్కొచ్చి, పెరిగి పెద్దదయ్యాక చెరువులో వదిలేసింది. జాలర్లు దెయ్యం చేప అంటారు, పేరు సరిగ్గానే పెట్టారు. పలకలు, ముళ్లు వలను చీల్చేస్తాయి. మగచేప గుడ్ల కోసం కట్ట లోపలి వాలులో మూరకు పైగా బొరియలు తవ్వుతుంది, మట్టి కట్టలకు అది మంచిది కాదు. కడుపుతోనే గాలి పీల్చుకుంటుంది కాబట్టి బయట గంటల తరబడి చావదు. విషం లేదు, మనిషిని ఏమీ చేయదు. వలలో పడితే నీళ్లలోకి విసరకుండా గట్టుకు దూరంగా లోతుగా పూడ్చాలి. ‘అరుదైన చేపను తిరిగి చెరువులో వదిలి ఉదారత చాటాడు’ అని దయచేసి రాయకండి.

విలేకరులకు మా విన్నపం ఇంతే. మీసాల చేప వార్త పంపేటప్పుడు మూడు ఫొటోలు తీయండి: రెక్కలన్నీ విప్పి పక్క నుంచి ఒకటి, తల పైనుంచి ఒకటి, వెల్లకిలా తిప్పి గడ్డం కింద నుంచి ఒకటి. పక్కన స్కేలో, అగ్గిపెట్టో పెట్టండి. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఆ మూడూ చూపిస్తే పేరు చెబుతారు. శీర్షికలో ఆ పేరే పెట్టండి: జెల్ల అయితే జెల్ల, వాలుగ అయితే వాలుగ, నిషేధించినదైతే ‘ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్’ అని పూర్తిగా.

ఇట్లు,
చేపల పెంపకం, జంతుశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
నల్లగొండ